ఏడో నిబంధనకు నేను కలిపిన వాక్యం

2094 జనవరి 18, సోమవారం

బండ్ల పరుగు గీత దగ్గర పుస్తకం రాసేది నేను. పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. అందులో నాలుగు గడులున్నాయి: ఊరి పేరు, బండి బరువు, పరుగు సమయం, నడిపినవారి సంతకం. కారణం రాయడానికి గడి లేదు. ఇంతవరకు దాని అవసరమూ పడలేదు. నిన్న మా చవిటిపాలెం బండి మూడో స్థానం నుంచి ఏడుకు పడింది. బండి చెడలేదు. నడిపిన పిల్ల తప్పు చెయ్యలేదు. పరుగుకు మూడు రోజుల ముందు నిబంధన మారింది, అంతే. ఆ సంగతి నాలుగు గడుల్లో ఎక్కడా పట్టదు కనుక ఈ నోటుపుస్తకం ఇవాళ మొదలుపెట్టాను. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

గురువారం సాయంత్రం నూకాలు, సింహాద్రి ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ బండ్లు తూచే కాటా దగ్గర ఆగారు. బల్ల మీద కమిటీ కొత్త కాగితం ఉంది. "బండి కనీస బరువు, నడిపేవారితో కలిపి, 480 కిలోల నుంచి 520 కిలోలకు. తేలికబండి గాలికి పక్కకు జరుగుతోంది, ప్రాణాపాయం. ఏడు-ఆ కింద వెంటనే అమలు."

నూకాలు నా కొడుకు కూతురు. ఇరవై నాలుగేళ్ళు. కొడుకూ కోడలూ సముద్రంలో గాలిమరల మీద పని చేస్తారు కాబట్టి నా దగ్గరే పెరిగింది. మా ఊళ్ళో చేత్తో బండి నడిపే లైసెన్సు ఉన్నది దానికొక్కదానికే. సింహాద్రి నా తమ్ముడి కొడుకు, వెల్డరు. బండి కట్టింది అతనే. మంగళ, గురు, శనివారాలు అదే బండిలో డయాలసిస్‌కి వెళ్ళేదీ అతనే.

వాటంతట అవి నడిచే దారిబండ్లు మా దాకా రావు. వాటికి దారి చూపే చివరి స్తంభం నలభై ఒక్క కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడి వరకు మనిషి నడిపే బండే గతి, మనిషి నడపాలంటే లైసెన్సు కావాలి. ఈ తీరంలో పన్నెండు ఊళ్ళు, ఏడాదికి ఇచ్చే లైసెన్సులు ఎనిమిది. ఏ ఎనిమిది ఊళ్ళకన్న తగువు గీత మీద తేలాలని ముప్ఫై ఒక్క ఏళ్ళ కింద పెద్దలు ఒప్పుకున్నారు. పాత విమానాల బాట మీద నాలుగొందల రెండు మీటర్లు, తిన్నగా, ఇద్దరేసి. అయిదు ఆదివారాల సగటు. మొదటి నిబంధన ఏమిటంటే, ఊళ్ళో ఏడాది పొడుగునా వాడే బండినే గీత మీదికి తేవాలి. పందెం కోసం వేరే బండి కట్టగల స్తోమత ఉన్న ఊరు గెలిచిపోకూడదని.

మంచి నిబంధన అది. కానీ దాని అర్థం ఇది కూడా: నలభై కిలోల ఇనుము ముక్కు భాగంలో వెల్డింగు చేయడానికి శుక్ర, శనివారాలు బండి విప్పి ఉంచాం. శనివారం డయాలసిస్ తప్పిపోయింది. తన బండి విప్పి ఉండటం వల్ల తానే ఆసుపత్రికి వెళ్ళలేక, దాని కిందే పడుకుని వెల్డింగు చేశాడు సింహాద్రి.

ఈ ఉదయం బండ్లు తూచే కాటా మీదే అతన్ని నిలబెట్టాను. డయాలసిస్‌లో నీళ్ళు తీసేశాక ఉండాల్సింది 54.0. ఇవాళ 57.6.

"బండికి నలభై, నాకు మూడున్నర. మన ఊరు మొత్తానికి బలిసింది అత్తా," అన్నాడు.

"3.6," అన్నాను.

2094 ఫిబ్రవరి 1, సోమవారం

నిన్న మూడో పరుగు. మా సమయం 17.790. మేం అయిదో స్థానానికి ఎక్కాం. ఎందుకు ఎక్కామో రాయాలి.

గురువారం బల్ల మీద మరో కాగితం వచ్చింది. టైరు వెడల్పు పద్దెనిమిది సెంటీమీటర్లు దాటకూడదు, వెడల్పు టైర్లు రాళ్ళను వెనక్కి విసురుతున్నాయి, ప్రాణాపాయం, ఏడు-ఆ, వెంటనే అమలు. ఊరికొక చెయ్యి లెక్కన ఓటు జరిగింది, ఎనిమిది చేతులు లేస్తే చెల్లుతుంది. మా ఊరి తరఫున సింహాద్రి చెయ్యి ఎత్తాడు. మా టైర్లు పదహారున్నర.

మారిన నిబంధనను పరుగుకు ముందు గీత దగ్గర నేను చదవాలి. చదవనిది అమల్లో లేనట్టే. ఇది మొదటినుంచీ ఉన్న పద్ధతి. చదివాను. చదువుతుంటే కొత్తరేవు అమ్మాయి బండి దిగి వచ్చింది.

"టీచరమ్మా, ఈ టైర్లు డిసెంబర్‌లో మీరే కదా కొలిచి సరే అన్నది. మూడు రోజుల్లో ఎక్కడి నుంచి తేవాలి?"

"చదవడం వరకే నా పని," అన్నాను.

నా గొంతు చాలా స్పష్టంగా వచ్చింది. పదిహేడున బరువు కాగితం చదివినప్పుడు రెండుసార్లు దగ్గాను.

అరిగిపోయిన పాత టైర్లు అరువు తెచ్చుకుని కొత్తరేవు పదకొండుకు పడింది. ఇంటికి వచ్చాక సింహాద్రి కూర రెండు నీళ్ళలో ఉడికించి వార్చాను. పొటాషియం పోవాలి కాబట్టి అతనికి ఏ కూరైనా అంతే, రుచి ఉండదు. కంచం ముందు కూర్చుని అన్నాడు.

"అత్తా, మొన్న నేను ఎత్తింది తప్పు చెయ్యా?"

"రాళ్ళు ఎగరడం నిజమే కదా."

"నిజమే. మన టైర్లు ఇరవై అయితే ఎత్తేవాణ్ణా అని అడుగుతున్నా."

అతని కంచంలో ఇంకాస్త కూర వడ్డించాను. ఇక్కడ రాస్తున్నాను: ఎత్తేవాడు కాదు. నేనూ అంత బాగా చదివేదాన్ని కాదు.

2094 ఫిబ్రవరి 12, శుక్రవారం

పొద్దున్నే పలకల మీద ఉప్పు తుడిచాను. రాత్రి సముద్రపు గాలి వీస్తే ఎండ పలకలు తెల్లగా పూత పట్టేస్తాయి, తుడవకపోతే బ్యాటరీకి సగమే ఎక్కుతుంది. పన్నెండు పలకలు, నలభై నిమిషాలు. కిందికి దిగేసరికి షెడ్డులో కోత యంత్రం మోగుతోంది.

నిన్న మళ్ళీ కాగితం వచ్చింది. కనీస బరువు 520 నుంచి 490కి తగ్గించారు. బరువు ఎక్కువై బ్రేకులు ఆగడం లేదట. దాంతోపాటు బ్యాటరీ 72 వోల్టుల నుంచి 60కి దించాలి. రెండూ ప్రాణాపాయమే, రెండూ ఏడు-ఆ.

బరువు తగ్గించమన్నారని చదవగానే సింహాద్రి జనవరిలో తాను అతికించిన నలభై కిలోల ఇనుమూ కోసి పడేశాడు. నన్ను లెక్క అడగలేదు. నేను కాగితం మీద వేసి చూపించాను. ఇనుము లేకుండా బండి 480. అరవై వోల్టులకు దించడానికి రెండు బ్యాటరీ పెట్టెలు తియ్యాలి, అవి 36 కిలోలు. మిగిలేది 444. దాన్ని 490 చెయ్యాలంటే 46 కిలోలు కలపాలి. బరువు తగ్గించమన్న నిబంధన వల్ల మేము ఆరు కిలోల ఇనుము కొత్తగా వెతుక్కోవాలి.

సింహాద్రి కోత యంత్రం ఆపి, నేల మీద పడి ఉన్న ఇనప పలక వైపు చాలాసేపు చూశాడు.

"దీన్ని అతికించడం ఇది రెండోసారి. ఏదో ఒక పేరు పెట్టేద్దుమా ఒలే నూకా?"

"కమిటీ అని పెట్టు మావా. ఎటు తిప్పినా మనమే మొయ్యాలి," అంది నూకాలు.

ముగ్గురం నవ్వాం. తరవాత అతను కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయాడు. చీలమండల దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట పదిహేను లెక్కపెట్టినా పూడలేదు. రేపు శనివారం. బండి విప్పి ఉంది. రెండోసారి తప్పబోతోంది.

ఏడు-ఆ గురించి ఇప్పుడు రాయక తప్పదు.

ఏడో నిబంధన పెద్దలు రాసింది. "ఏ నిబంధన మారినా కాగితం కాటా బల్ల మీద నలభై రోజులు ఉండాలి. నలభై ఒకటో రోజున అమలు." బండి మార్చి కట్టడానికి సామాన్యులకు ఎన్నాళ్ళు పడుతుందో చూసి పెట్టిన గడువు అది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. 2091లో మొగలిదిబ్బ కుర్రాడు గౌరీపతి బండిలో మూతలేని బ్యాటరీ పెట్టె అంటుకుంది. ఇరవై రెండేళ్ళు వాడికి. బ్యాటరీలకు మూత తప్పనిసరి చెయ్యాలని మర్నాడే అందరూ అన్నారు. నలభై రోజులు ఆగితే మధ్యలో మూతల్లేకుండా రెండు ఆదివారాలు పరిగెత్తాలి. నా వల్ల కాలేదు. ఏడో నిబంధన కింద ఆ అని వేసి ఒక వాక్యం నేనే రాశాను. అందరూ ఒప్పుకున్నారు.

"ప్రాణాపాయం ఉన్నచోట నలభై రోజులు ఆగనక్కర్లేదు."

అది ప్రాణాపాయమో కాదో ఎవరు తేల్చాలో రాయలేదు. చూస్తే తెలియదా అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. కొలమానం చెప్పకుండా కొలత రాసిన పిల్లలకు మార్కులు కోసేదాన్ని.

మొదటి ఏడాది ఆ వాక్యాన్ని ఒక్కసారి వాడారు. రెండో ఏడాది రెండుసార్లు. ఈ ఏడాది ఇప్పటికే మూడు.

2094 ఫిబ్రవరి 15, సోమవారం

నాలుగో పరుగు 17.951. మా సగటు 17.755, ఎనిమిదో స్థానం. తొమ్మిదో స్థానంలో రేవుకొండ, 17.766. తేడా సెకనులో వెయ్యికి పదకొండు వంతులు. జనవరి మూడున 480 కిలోలతో పరిగెత్తిన సమయాన్నీ, పదిహేడున, ముప్ఫై ఒకటిన 520తో పరిగెత్తిన సమయాలనూ, నిన్న తక్కువ వోల్టులతో పరిగెత్తిన సమయాన్నీ కూడి నాలుగుతో భాగించాను. మూరలనూ గజాలనూ కలిపి కూడిన లెక్క ఇది. అయినా పుస్తకంలో చక్కగా రాశాను, సంతకం పెట్టించాను.

సింహాద్రి బరువు 58.2. రోజుకు 700 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి గాజు సీసాలో పోసి ఇస్తున్నాను. పడుకుంటే ఊపిరి అందడం లేదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు.

2094 ఫిబ్రవరి 26, శుక్రవారం

నిన్నటి కాగితం: "కలిపిన బరువు ఏదైనా వెనక చక్రాలకు వెనకే ఉండాలి. నడిపేవారి ముందు ఉండకూడదు. ఏడు-ఆ." పద్నాలుగున కొత్తరేవు బండిలో కట్టిన ఇనుము జారి బ్రేకు కింద ఇరుక్కుంది. అది నిజం. ఆ అమ్మాయి ఎలాగో ఆపగలిగింది.

కానీ మా ఇనుము కట్టింది కాదు, వెల్డింగు చేసింది. పైగా మా బండి చాలా తేలిక, వెనక చక్రాలతో లాగుతుంది. లెక్క వేశాను. ఇప్పుడు ముందు చక్రాల మీద 165 కిలోలు. ఇనుము వెనక్కి పోతే 107. పచ్చదీపం పడి బయల్దేరిన క్షణంలో మరో 88 వెనక్కి ఒరుగుతుంది. ముందు మిగిలేది 19. పద్నాలుగో మీటరు దగ్గర విమానాల బాటకు అతుకు ఉంది, రెండు సెంటీమీటర్ల ఎత్తు. పంతొమ్మిది కిలోలతో ఆ అతుకు మీదికి వెళ్ళిన బండి ముక్కు నేల మీద ఉండదు.

ఉదయం నాలుగు కిలోమీటర్లు నడిచి రేవుకొండ వెళ్ళాను. కమిటీ అధ్యక్షుడు రిత్విక్ ఆ ఊరివాడే. ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు, కణతల దగ్గర నెరిసింది. నన్ను చూసి వల అల్లడం ఆపి స్టూలు తెచ్చి వేశాడు.

లెక్క కాగితం ఇచ్చాను. మొత్తం చదివాడు.

"టీచర్, మీ లెక్క తప్పని నేననను. కానీ ఎవరి ఇనుము జారుతుంది, ఎవరిది జారదు అని బండి బండికీ తేల్చడం మొదలుపెడితే ఆదివారం దాటిపోతుంది."

"దాటనీ. అందుకే నలభై రోజులు పెట్టారు."

"ఆ నలభై రోజుల్లో ఎవరి కాళ్ళ కిందైనా ఇనుము పడితే? ఏడు-ఆ మీ చేతిరాతే టీచర్."

"నాదే. తప్పు రాశాను."

వల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఇంకో మాట నేనడగలేదు కానీ అతనే చెప్పాడు.

"పోయినేడు మేం తొమ్మిది. మా చెల్లెలి సంగతి మీకు తెలుసు."

తెలుసు. లైసెన్సు లేనందువల్ల నొప్పులు పడుతున్న మనిషిని తోపుడుబండి మీద పడుకోబెట్టి స్తంభం దాకా తోసుకెళ్ళారు. ఇరవై తొమ్మిదో కిలోమీటరు దగ్గర కాన్పయింది. బిడ్డ దక్కలేదు.

"నువ్వు మా ఊరికి గురిపెట్టి ఈ నిబంధన తెచ్చావా రిత్విక్?"

"లేదు టీచర్." ఆగాడు. "కానీ మీకు దెబ్బ తగులుతుందని తెలిశాక ఆపనూ లేదు."

అబద్ధం చెప్పి ఉంటే నాకు కోపం రావడం తేలికయ్యేది. వల మీద నుంచి కళ్ళు ఎత్తకుండా నిజం చెప్పాడు. టైర్ల రోజున నేనేం చేశానో అతను కూడా అదే చేశాడు.

ఇంటికి వచ్చేసరికి బండి మళ్ళీ విప్పి ఉంది.

2094 ఫిబ్రవరి 27, శనివారం

మూడోసారి డయాలసిస్ తప్పింది. సింహాద్రి 58.7. వెల్డింగు అతను చెబుతుంటే నూకాలు చేస్తోంది. బండి కింద పడుకుంటే అతనికి ఊపిరి ఆడదు.

"ఇనుమెందుకత్తా, నన్నే తోకకి కట్టెయ్యండి. నలభై ఆరు కావాలన్నారు కదా, నేను పన్నెండు ఎక్కువే తూగుతాను."

"12.7," అన్నాను. అతను నవ్వాలని అన్నాను. నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది.

నూకాలు ముసుగు ఎత్తింది. "నానమ్మా, రేపు నువ్వు ఆ కాగితం చదవకు. నువ్వు చదవకపోతే ఆ నిబంధన లేనట్టే కదా. ఎవరేం చేస్తారు?"

ఈ ఆలోచన నాకు రేవుకొండ నుంచి వస్తూ దారి పొడుగునా వచ్చింది.

"నాకు నచ్చనివి చదవకుండా ఉండే హక్కు నాకుంటే టైర్ల రోజునే నోరు మూసుకోవాల్సింది. ఆ రోజు చదివాను."

"ఆ రోజు తప్పు చేశావు కాబట్టి రేపూ చెయ్యాలా?"

"రేపు చదవకపోతే, గీత దగ్గర నిబంధన అంటే నా ఇష్టం అవుతుంది. ఇప్పుడు కమిటీ ఇష్టం అయినట్టే."

అది ముసుగు దించుకుంది. వెల్డింగు అందుకుంది. సాయంత్రం అన్నం పళ్ళెం అందిస్తూ దాని దగ్గర ఒక మాట తీసుకున్నాను: మొదటి పదిహేను మీటర్లు నెమ్మదిగా వెళ్ళాలి, అతుకు దాటాకే పూర్తిగా తొక్కాలి. నెమ్మదిగా వెళితే సెకనులో పదికి నాలుగు వంతులు పోతుంది, ఎనిమిదో స్థానమూ పోతుంది. అది నాకు తెలుసు, దానికీ తెలుసు. సరే అంది.

2094 ఫిబ్రవరి 28, ఆదివారం

ఉదయం ఎనిమిదింటికి నిబంధన చదివాను. చదివాక నా సొంత కాగితం తీసి నా లెక్క కూడా చదివాను: 165, 107, 19. పన్నెండు ఊళ్ళవాళ్ళూ విన్నారు. ఎవరో వెనక నుంచి "పరిగెత్తకపోతే పోలా" అన్నారు. పరిగెత్తని బండికి సమయం ఉండదు, సమయం లేని ఊరు చివర. అన్నవాళ్ళకూ అది తెలుసు.

మా వంతు పదకొండు గంటలకు వచ్చింది. నూకాలు నా వైపు చూడలేదు. దీపాలు ఒక్కొక్కటిగా దిగి పచ్చ పడింది.

అది నాకిచ్చిన మాట నిలబెట్టుకోలేదు. మొదటి మీటరు నుంచే పూర్తిగా తొక్కింది. అతుకు దగ్గర ముందు చక్రాలు లేచాయి. అర మీటరు లేచాయని బాట పక్కన కట్టిన తీగ దగ్గరున్నవాళ్ళు చెప్పారు, నేను కొలవలేదు. బండి ముందు నేల లేని ఆ సమయంలో నేను గడియారం వైపే చూస్తున్నాను, ఎందుకంటే నా పని అది. కాలు తీసేసింది. ముక్కు దబ్బున పడింది. ఇనుము విరిగిన చప్పుడు. బండి వంకరగా, ఒక చక్రం ఈడ్చుకుంటూ, పక్క బండి వైపు గీత దాటకుండా చివరిదాకా వెళ్ళింది.

22.318.

నూకాలు దిగింది. ఎడమ మణికట్టు బెణికింది, ఇంకేం లేదు. ముందు ఇరుసు వంగి, మధ్యలో పగిలింది.

రేవుకొండ 17.702 తెచ్చుకుంది. స్థానాలు చదివాను. రేవుకొండ ఎనిమిది. చవిటిపాలెం తొమ్మిది. గొంతు జనవరి పదిహేడునాటిలా కాకుండా, టైర్లనాటిలా ఉండాలని చూసుకున్నాను.

ఆ తరవాత జరిగింది ముఖ్యం. రిత్విక్ బల్ల దగ్గరకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"టీచర్, ఇప్పుడే సరిచేద్దాం. ఏడు-ఆ కొట్టేద్దాం. వచ్చే ఆదివారం అందరం మళ్ళీ పరిగెడదాం, జనవరి మూడునాటి నిబంధనలతో. ఎనిమిది చేతులు నేను లేపిస్తాను. మా ఊరిది కూడా."

"ఏ నిబంధన కింద ఇవాళే కొట్టేస్తాం?"

"అదే. ఏడు-ఆ కిందే. ప్రాణాపాయమే కదా, అందరూ కళ్ళతో చూశారు."

నూకాలు మణికట్టు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. "ఒప్పుకో నానమ్మా."

మళ్ళీ అదే తలుపు. ఈసారి మా కోసం తెరిచి పెట్టారు. వచ్చే ఆదివారానికి ఏడు రోజులు. జనవరి తరవాత టైర్లు అమ్ముకున్న ఊళ్ళున్నాయి, బ్యాటరీ పెట్టెలు విప్పి ఇళ్ళకు వాడుకున్నవి ఉన్నాయి. వాళ్ళు ఏడు రోజుల్లో ఏం కడతారు? కొత్తరేవు అమ్మాయి గుంపులో నుంచి నన్నే చూస్తోంది. మూడు రోజుల్లో ఎక్కడి నుంచి తేవాలి అని నన్నడిగిన పిల్ల.

"కొట్టెయ్యాలి. కానీ నలభై రోజులు బల్ల మీద ఉంచి," అన్నాను.

"నీ సిరా గీత కోసం మావ చావాలా?" అంది నూకాలు. గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే బాగుండేది.

రిత్విక్ వైపు తిరిగాను. "నాకు నిబంధన మార్పు వద్దు నాయనా. ముందు ఇరుసు కావాలి. రేపు."

అతని బండికి కొత్త లైసెన్సు ఏప్రిల్ ఒకటి నుంచే చెల్లుతుంది. అప్పటిదాకా అది ఊరు దాటి రోడ్డెక్కకూడదు, పరుగులు కూడా అయిపోయాయి కనుక షెడ్డులోనే ఉంటుంది. దాని ఇరుసు మాకు పనికొస్తుంది.

"మావాళ్ళని అడగాలి టీచర్," అన్నాడు. అవునని అనలేదు.

సాయంత్రం సింహాద్రి 59.1. జరిగిందంతా చెప్పాను. గోడకు ఆనుకుని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు. "నలభై రోజులంటే సరే అత్తా. నాకో నలభై రోజులు... ఎక్కడైనా కాగితం అంటించి ఉంచు."

నూకాలు గుమ్మంలో కూర్చుని ఇరుసు కొలతలు రాస్తోంది. నాతో మాట్లాడటం లేదు. కొలతలు మాత్రం సరిగ్గా రాస్తోంది.

ఇక జరగాల్సినవి:

1. రేపు ఉదయం ఏడింటికి రేవుకొండ నుంచి ఇరుసు రావాలి. రాకపోతే ఏడుంపావుకు నేను బయల్దేరి వెళ్ళి అడగాలి. నా విద్యార్థి అని కాదు, గెలిచిన ఊరి పెద్ద అని అడగాలి.

2. వాళ్ళ ఇరుసు మాదానికంటే నాలుగు సెంటీమీటర్లు వెడల్పు. సింహాద్రి చెప్పాలి, నూకాలు కుడిచేత్తో వెల్డింగు చెయ్యాలి, పట్టుకోవడం నా వంతు.

3. మధ్యాహ్నం రెండింటికి బండి చక్రాల మీద నిలబడకపోతే ఎదురుచూడటం ఆపాలి. తోపుడుబండి బయల్దేరాలి. నలభై ఒక్క కిలోమీటర్లు, గంటకు నాలుగు చొప్పున పది గంటల పైన. ఇద్దరేసి వంతుల మీద ఆరుగురు కావాలి. ఇప్పటికి నలుగురు ఒప్పుకున్నారు. మంగళవారం మొదటి దారిబండి 5.30కి.

4. అప్పటివరకు సింహాద్రికి నీళ్ళు రోజుకు 500 మిల్లీలీటర్లు. అడిగినా ఎక్కువ ఇవ్వకూడదు.

5. మార్చి 31 వరకు నూకాలు లైసెన్సు చెల్లుతుంది. పదమూడు ప్రయాణాలు. ఒక్కటీ తప్పకూడదు. ఆ నెల బండి విప్పే పని ఏదీ ఉండకూడదు.

6. ఏడు-ఆ కొట్టివేయాలన్న కాగితం ఇవాళ సాయంత్రం 5.10కి బల్ల మీద అంటించాను. దాని కింద రెండో వాక్యం: ఒక ఏడాది అయిదు పరుగులూ మొదటి ఆదివారం ఉన్న నిబంధనలతోనే జరగాలి. మూడో వాక్యం: ఈ ఏడాదికి ఏప్రిల్ 11న, జనవరి 3నాటి నిబంధనలతో, పన్నెండు ఊళ్ళకూ ఒక్క పరుగు. నలభై ఒకటో రోజు ఏప్రిల్ 9. ఎనిమిది చేతులు కావాలి. పదకొండు ఊళ్ళకూ నడిచి వెళ్ళాలి. మొదట కొత్తరేవు, ఆ అమ్మాయి ఇంటికి.

7. ఏప్రిల్ 1, 3, 6, 8, 10: అయిదు ప్రయాణాలకు మాకు లైసెన్సు లేదు. రేవుకొండకు ఉంటుంది. అడగాలి. వాళ్ళు కాదంటే తప్పు పట్టకూడదు. పోయినేడు వాళ్ళు తోసుకుపోతుంటే మా బండి ఎక్కడుందని నేను ఇంతవరకు ఎవరినీ అడగలేదు. పుస్తకం తీసి చూశాను. షెడ్డులో ఉంది.

8. అధికారిక పుస్తకంలో అయిదో గడి కావాలి: కారణం. అదీ మార్పే కనుక దానికీ నలభై రోజులు. అంతవరకు ఈ నోటుపుస్తకం.

9. పై ప్రయాణాల్లో ఏది తప్పినా ఆ తేదీకి ఎదురుగా కారణం గడిలో నా పేరు రాయాలి. నేను రాయలేకపోతే నూకాలు రాయాలి. దానికి చెప్పాను. తల ఊపింది.

10. మంగళవారం సాయంత్రం సింహాద్రిని కాటా మీద నిలబెట్టాలి. వరస గీసి, తేదీ వేసి ఉంచాను. 54.0 దగ్గర ఏదో ఒక అంకె అందులో పడాలి.